నమూనాల సారు

సోషల్ సారు పోయారన్న సంగతి నాకు ఆళ్లగడ్డ బస్టాండులో తెలిసింది. నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే పాత విద్యార్థి ఒకడు దగ్గరికొచ్చి, "టీచర్, మన సారు పోయినాడంట. తెల్లారుజామున గుండె ఆగిపోయిందంట" అని చెప్పి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తగినట్టే ముఖం పెట్టాను. అప్పుడు నా మనసులోకి వచ్చింది మాత్రం ఆయన ఎడమచేతి బొటనవేలి గోరు.

ఆ గోరు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు. అర అంగుళం పైనే పెంచేవారు. పసుపు పచ్చగా, అంచు సన్నగా అరగదీసి ఉండేది. ఉత్తరాలు దానితోనే చించేవారు. పళ్ల సందులు దానితోనే తీసుకునేవారు. చెవిలో తిప్పి, బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూసి, పంట్లానికి రాసుకునేవారు. ఆ తర్వాత మధ్యాహ్నం గంట కొడితే అదే గోరుతో మా క్యారియర్ల దగ్గరికి వచ్చేవారు.

నంద్యాలలో ఒక మిషన్ హైస్కూలు. నేను అందులో డ్రాయింగు టీచరును. ఉద్యోగం తాత్కాలికం. ఏప్రిల్లో తీసేసి జూన్లో మళ్లీ పెట్టుకునేవారు. స్టాఫు రూములో పొడుగాటి బల్ల మీద అందరం క్యారియర్లు విప్పుతుంటే సారు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవారు. ఎవరినీ అడిగేవారు కాదు. ఒకరి దాంట్లో వంకాయ ముక్క, ఇంకొకరి దాంట్లో గుడ్డు సగం, ఇంకొకరి దాంట్లో అలసంద వడ. గోరు దిగేది, ముక్క లేచేది.

"నమూనా చూస్తాండా, అంతే" అనేవారు.

ఆ మాట ఆయన నోట్లో నుంచి రోజుకు పదిసార్లు వచ్చేది. మార్కెట్లో చెనక్కాయల కుప్ప దగ్గర, బెల్లం అంగట్లో, చింతపండు తట్టల దగ్గర అదే మాట. చింతపండు నోట్లో వేసుకుని పులుపంతా పీల్చి, గింజను వేళ్లతో తీసి మళ్లీ ఆ తట్ట అంచునే పెట్టడం నా కళ్లతో చూశాను. ఆ అంగడామె ఏమీ అనలేదు. ఆమె కొడుకు మా స్కూల్లో తొమ్మిదో తరగతి.

నేను కొన్నాళ్లకు రెండు డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఒకటి ఆయన వేలు పెట్టడానికి, ఇంకొకటి నేను తినడానికి. రెండోది బ్యాగులోనే ఉంచి, ఆయన బల్ల దాటి వెళ్లాక విప్పేదాన్ని. ఒకరోజు ఆయన వెనక్కి తిరిగారు.

"ఏంది టీచరమ్మా, దీన్ని దాచిపెట్టినావ్?" అంటూ నా బ్యాగులో చెయ్యి పెట్టి తీసి, మూత విప్పి, గోరు దింపారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం ఏమీ తినలేకపోయాను.

పాఠం మాత్రం బాగా చెప్పేవారు, ఆ మాట కాదనలేను. క్లాసుకు రోజూ ఏదో ఒక వస్తువు తెచ్చేవారు. పాత ఇటుక ముక్క, పాము కుబుసం, తుప్పు పట్టిన ఈటె మొన. దాన్ని చెయ్యెత్తి పట్టుకుని ఒక్క నిమిషం మౌనంగా నిలబడితే అరవై మంది పిల్లలు ఊపిరి బిగపట్టేవారు. ఆ పిల్లలే పెద్దయ్యాక ఆయన్ని దేవుడిలా చూశారు. కరస్పాండెంటు దగ్గర ఆయన మాటకు విలువుండేది. "నీ పని నేను చూసుకుంటాలే టీచరమ్మా" అని నాతో ఏడాదికి రెండుసార్లయినా అనేవారు. పని అంటే ఉద్యోగం పర్మనెంటు కావడం. ఆ మాట అన్నరోజు డబ్బా నేనే తీసి ఆయన ముందు పెట్టేదాన్ని.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో నాలుగు అద్దాల బీరువాలు. గుడి బొమ్మ నుంచి విరిగిన రాతివేలు, కోటగోడ ఇటుక, దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ పెంకు, ఎవరిదో సమాధి మీది గులకరాయి. ప్రతిదాని కింద చిన్న చీటీ. ఏ ఊరు, ఏ తేదీ అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన భార్య, సన్నగా, తక్కువ మాటలాడే మనిషి, పాత చీర పీలికతో అద్దాలు తుడుస్తూ ఉంది.

"ఇన్ని ఎట్ల తెచ్చినారక్కా?" అన్నాను.

"యాడికి పోయినా వట్టి చేతుల్తో రాడు" అందామె. మెచ్చుకోలో తిట్టో నాకు అర్థం కాలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి చలికాలం, పదో తరగతి పిల్లల్ని తీసుకుని ఆళ్లగడ్డ అవతలి కొండలకు వెళ్లాం. కొండల్లో ఎర్రటి బొమ్మలున్న రాతిగూడు ఒకటుందని సారు ఎక్కడో విన్నారు. నల్లమల అంటే పచ్చటి అడవి అనుకుని బయల్దేరిన పిల్లలు అక్కడికి పోయి బిత్తరపోయారు. ఆ వైపు వాలంతా ఎండిన బోదగడ్డి, ముళ్లకంప, కాళ్ల కింద కాలే రాయి. చుక్క నీరు లేదు. "ఇది మన జిల్లా ఎడారిరా" అన్నారు సారు. దారి మొదట్లో, అనుమతి లేకుండా లోపలికి పోరాదని అడవిశాఖ బోర్డు ఉంది. బోర్డుకు ఇవతలే చెంచుల గూడెం, పది పన్నెండు గుడిసెలు.

మాకు దారి చూపించింది ఒక ముసలమ్మ, ఆమె కొడుకు. కొడుకు రోజుకూలీ మీద అడవికి కావలి ఉండేవాడు. రాతిగూట్లో దీపం పెట్టే పని ముసలమ్మది. ఎండలో గంటన్నర నడిచి పైకెక్కాక ఆమె ఒక బండ దగ్గర నిలబడింది.

"చెప్పులు ఈడ ఇడ్సండి. రాయిని ఎవురూ తాకొద్దు. మేమే తాకం" అంది.

గూడు లోపల చల్లగా ఉంది. గోడ నిండా జేగురు రంగు జింకలు, మనుషులు, అన్నిటికంటే ఎక్కువగా చేతులు. పెద్ద చేతులు, చిన్న చేతులు, వేళ్లు విప్పి అద్దినవి. ఎవరు వేశారని ఒక పిల్ల అడిగింది.

"మా పెద్దోళ్లు. పోయినోళ్లు ఆడ చెయ్యి పెట్టి పోతారు" అంది ముసలమ్మ.

"నీ చెయ్యి యాడుందవ్వా?" అంది ఆ పిల్లే.

"నేనింకా పోలేదు గదా" అంది. పిల్లలు నవ్వితే తనూ నవ్వింది. అప్పుడే గోడ అడుగున ఉన్న ఒక చిన్న చేతిని చూపించి, అది చంటిబిడ్డదని, ఆ బిడ్డ పేరు తమకు తెలుసుగానీ పైకి పలకరని చెప్పింది.

ఇంతలో సారు ముందుకు వెళ్లారు. బూట్లు విప్పలేదు. బొటనవేలు నోట్లో పెట్టుకుని తడిచేసి, ఒక జింక పొట్ట మీద రుద్దారు. వేలికి ఎరుపు అంటింది. దాన్ని వెలుతురుకు పట్టి చూశారు, వాసన చూశారు, నాలుకకు ఆనించారు.

"జేగురే. నికార్సయింది" అన్నారు.

ముసలమ్మ ముఖం నేను చూశాను. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"ఎంగిలి చేసినావు గదప్పా."

"నమూనా చూసినానవ్వా. ఏం కాదులే."

ఆమె సొరకాయ బుర్రలోని నీళ్లు, అంత ఎండలో అందరికీ తాగడానికి దాచినవి, దూరం నుంచే మూడుసార్లు ఆ జింక వైపు చిలకరించింది. నేను బొమ్మల పుస్తకం తెరిచి, ఆయన చెప్పినట్టే సాయంత్రం దాకా ఒక్కొక్క బొమ్మా దించాను. ముసలమ్మ నా పక్కనే కూర్చుని చూసింది. "అచ్చం అట్లే దించుతాండావే" అంది ఒకసారి.

పేపర్లో సారు ఫోటో పడింది. చేతిలో నా బొమ్మలు. రాతిచిత్రాలు కనుగొన్న ఉపాధ్యాయుడని రాశారు. ఊళ్లో శాలువా కప్పారు. నా పేరెక్కడా లేదు, గూడెం మాటా లేదు. "పేరుదేముంది టీచరమ్మా, నీ పని నేను చూసుకుంటా" అన్నారాయన.

మళ్లీ మార్చిలో వెళ్లాం. ఈసారి పిల్లలు లేరు. జీపులో సారు, ఆయన భార్య, నేను. ఇంకొన్ని బొమ్మలు దించాలని చెప్పి నన్ను రమ్మన్నారు. ముసలమ్మ గూడెంలో లేదు, తేనెకు పోయిందన్నారు. కొడుకు మమ్మల్ని పైకి తీసుకెళ్లాడు. డ్రైవరు కింద జీపు దగ్గరే ఉండిపోయాడు.

పైకి చేరగానే సారు అతనితో, "అప్పా, అమ్మగారికి దప్పిక. బిరీన పోయి నీళ్లు తేపో" అన్నారు. నీళ్లంటే మళ్లీ వాలు దిగి ఊట దాకా పోయి రావాలి. ఆ మనిషి మారు మాటాడకుండా బుర్ర తీసుకుని దిగాడు. అతను కనుమరుగయ్యాక సారు అన్నం సంచిలో నుంచి ఉలి, సుత్తి తీశారు.

"ఇది పట్టుకో టీచరమ్మా, కింద పడితే పగుల్తాది" అని గోనెసంచి నా చేతికిచ్చారు.

నేను పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నావని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. భయపడ్డానని చెప్పుకోవడానికి ఆయన బెదిరించనైనా లేదు. సంచి ఇచ్చారు, పట్టుకున్నాను. ఆయన వెతికి వెతికి అడుగునున్న ఆ చిన్న చెయ్యినే ఎంచుకున్నారు, పలకగా ఊడి వస్తుందని. గోరుతో దాని చుట్టూ గీత గీశారు. నాలుగు దెబ్బలకు రాయి చీలింది. మూడు వేళ్లు, అరచెయ్యి సగం సంచిలో పడ్డాయి. మిగతాది పొడై నా చేతుల మీద, చీర కుచ్చిళ్ల మీద రాలింది. గోడ మీద తెల్లటి గాయం లాగా మిగిలింది. సారు దాని ముందు ముళ్లకంప ఒకటి తెచ్చి నిలబెట్టారు.

ఆయన భార్య అంతసేపూ మాకు వీపు పెట్టి, బండ మీద కూర్చుని కొండల కేసి చూస్తోంది. "మళ్లా ఒకటి తుడవాల" అంది, ఎవరితోనని కాకుండా.

ముసలమ్మ కొడుకు చెమటలు కక్కుతూ నీళ్లు తెచ్చి, ముందు అమ్మగారికి, తర్వాత నాకు పోశాడు. దోసిలి పట్టినప్పుడు నా వేళ్ల మధ్య నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. అతను చూశాడు. నీళ్లు పోయడం ఆపలేదు.

తర్వాత జరిగింది మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొత్తగా వచ్చిన ఒక గార్డు ఆ గోడ చూశాడు. ఆ రోజుల్లో మా వైపు గుప్తనిధుల పిచ్చి ఎక్కువ. రాయి పగిలిందంటే కింద నిధి వెతికారనే అనుకునేవారు. తాగుడుకు ఆశపడి నిధులవాళ్లకు దారి చూపించాడని ముసలమ్మ కొడుకును అడవిశాఖ వాళ్లు పట్టుకుపోయారు. మూడు రోజులు ఉంచుకుని అరికాళ్ల మీద కొట్టారు. కూలి పని తీసేశారు. గూడెం వాళ్లెవరూ రాతిగూడు వైపు పోకూడదన్నారు.

ముసలమ్మ నంద్యాలకు వచ్చింది. స్కూలు పేరు ఆమెకు ఎలా గుర్తుందో తెలియదు. మధ్యాహ్నం అందరం బల్ల దగ్గరుండగా స్టాఫు రూము మెట్ల మీద కూర్చుని కనిపించింది. గుడ్డమూటలో సారు కోసం అడవి గెడ్డలు ఉడకబెట్టి తెచ్చింది. సారు బయటికొచ్చి, ఆమె చెప్పేది వింటూనే మూట విప్పారు. గోరు ఒక గెడ్డలోకి దిగింది.

"నా కొడుకు అట్లాటోడు కాదని నువ్వొక మాట చెప్పు నాయనా. పెద్దోడివి. నీ మాట వింటారు" అంది.

"చెప్తాలే అవ్వా. నాకు తెలిసినోళ్లు ఉండారు" అన్నారు సారు నములుతూ. "నిధులోళ్లు శానా చెడ్డోళ్లు. ఇట్లాటి కళను పాడు చేసినారంటే వాళ్లు మనుషులే కాదు."

ఆ మాట అంటూ ఆయన కంట్లో నిజంగానే తడి కనిపించింది. అంతకంటే అసహ్యమైన దృశ్యం నా జీవితంలో ఇంకోటి లేదు. ఉందేమో, అది ఆ మరునిమిషంలోనే జరిగింది.

ముసలమ్మ తల తిప్పి, తలుపు దగ్గర నిలబడిన నన్ను చూసింది.

"నువ్వు బొమ్మలు దించినావు గదమ్మా. అన్నీ అచ్చం దించినావు. మీరు మళ్లా వచ్చి పోయిన దినం, ఆ బిడ్డ చెయ్యి ఉండెనా ల్యాకుండెనా? అదొక్కటి చెప్పు."

ఆమె అడిగింది సాక్ష్యం కాదు. ఆమెకు తెలుసు. కొడుకు నా చేతులు చూశాడు కదా. నా నోటితో వినాలని వచ్చింది. సారు నమలడం ఆపారు. ఏప్రిల్ ఇంకో పది రోజుల్లో ఉంది.

"నాకు గుర్తులేదవ్వా" అన్నాను.

ఆమె లేచి, సారు చేతిలోని గెడ్డను తీసుకుంది. లాక్కోలేదు, తన వస్తువు తను తీసుకున్నట్టు తీసుకుంది. కొరికిన భాగం విరిచి మెట్ల మీద పారేసి, మిగతాది మూటలో పెట్టి కట్టుకుంది. ఆయన చేతిలోకి పోయింది తిరిగి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గేటు దాటి పోయేదాకా వెనక్కి చూడలేదు.

సారు బొటనవేలు పంట్లానికి తుడుచుకుని, "చప్పగుండాయిలే" అన్నారు.

జూన్లో నా ఉద్యోగం పర్మనెంటు అయింది. సారు ఎవరికైనా ఒక మాట చెప్పారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. ముసలమ్మ కొడుకు అరికాళ్లు మానకముందే బేతంచెర్లకు పోయి నాపరాళ్ల గనిలో చేరాడని విన్నాను. కొన్నేళ్లకు నన్ను ఆళ్లగడ్డ స్కూలుకు మార్చారు. మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక గూడెం వెతుక్కుంటూ వెళ్లాను. బోర్డు కొత్తది పెట్టారు, ముళ్లకంచె వేశారు. గుడిసెలున్న చోట పొయ్యిరాళ్లు మాత్రం ఉన్నాయి. ముసలమ్మ అంతకు ముందు వేసవిలోనే పోయిందని దారిలో గొర్రెలు తోలుతున్న ఒకాయన చెప్పాడు. ఆమె చెయ్యి ఎక్కడ పెట్టారని అడగబోయి ఊరుకున్నాను. అడిగే హక్కు నాకు లేదు.

సారు పోయిన పదకొండో రోజు నంద్యాల స్కూల్లో సంతాప సభ పెట్టారు. హాలు నిండిపోయింది. డాక్టర్లు, ప్లీడర్లు, రైసుమిల్లుల వాళ్లు, అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఒక్కొక్కరే లేచి ఆయన నిరాడంబరతను, కళాభిమానాన్ని పొగిడారు. పూలదండ వేసిన ఫోటోలో ఆయన చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఉన్నారు. నా వంతు వచ్చింది. పాతికేళ్ల పిల్లగా ఉన్నప్పుడు చెప్పలేనిది ఆ రోజు చెప్పాను. చింతపండు గింజ దగ్గర్నుంచి ఉలి దాకా, ఒక నిరపరాధి కాళ్లు ఈయన మూలంగా వాచిపోయిన సంగతి దాకా చెప్పాను.

ఎవరూ అరవలేదు. కుర్చీలు కూడా కదల్లేదు. హెడ్మాస్టరు మెల్లగా లేచి మైకు అందుకుని, "టీచరమ్మగారు శానా బాధలో ఉన్నారు. సారుతో వారిది ఏండ్ల అనుబంధం" అని చెప్పి, తర్వాతి వక్తను పిలిచారు. ఎవరో నా చేతికి సోడా ఇచ్చారు. పక్కనున్న ఆమె నా వీపు నిమిరింది. నా మాటలన్నీ ఏడుపు కింద జమ అయిపోయాయి. సోడా తాగాను.

బయటికొస్తుంటే గేటు దగ్గర సారు భార్య నిలబడి ఉంది. తల మీద కొంగు. ఏం తిట్టినా పడదామని దగ్గరికి వెళ్లాను.

"బాగా చెప్పినావ్ టీచరమ్మా. అన్నీ నిజాలే" అంది. కొంగు సర్దుకుంటూ, "గోనెసంచి పట్టుకున్నెది ఎవురని మాత్రం చెప్పలేదు" అంది.

నేను నా చేతుల కేసి చూసుకున్నాను.

"నన్ను కూడా చెప్పలేదులే. నేనూ ఆడ్నే కూచునుంటి గదా" అంది. తర్వాత, మామూలు సంగతి చెబుతున్నట్టే, "ఆ ముసలామె మళ్లా వచ్చింది, నీకు తెల్దు. బడికాడికి కాదు, మా ఇంటికి. ఆ యేడే, బడి తెరిచినంక, ఒక సాయంత్రం. ఆయన ఇంట్లో లేడు. బొమ్మలు దించే అమ్మ ఇల్లు యాడని అడిగింది" అంది.

"మీరేం చెప్పినారక్కా?"

"ఊరు ఇడిసిపెట్టి పాయెనని చెప్పినా. ఎవురడిగినా అట్ల చెప్పమని ఆయన ముందే చెప్పిండె."

"ఎందుకొచ్చిందో అడిగినారా?"

"అడగలేదు. నీళ్లు అడిగితే ఇచ్చినా. అరుగు మీద కొంచేపు కూచుని, బస్సుకు టైమైందని పాయె."

ఆ ఏడాది నేను వాళ్లింటికి రెండు వీధుల అవతలే అద్దెకుండేదాన్ని. సాయంత్రాలు వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, తల వంచి పిల్లల డ్రాయింగు పుస్తకాలు దిద్దుకునేదాన్ని. వాళ్ల అరుగు మీద నుంచి లేచి బస్టాండుకు పోయే మనిషి ఎవరైనా మా గుమ్మం ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు.